నవ్వుకు ముందు జాగా

మా మేనమామ పోయాడన్న కబురు తెచ్చింది మా తమ్ముడు. పొద్దున చాయ్ వేళ. నేను మేడ మీద గదిలో హెడ్‌ఫోన్ల వైర్లు చుట్టి పెట్టుకుంటున్నాను. మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. మామ పోయిండు అక్కా. నాకు అర్థమైంది. చేతిలోని వైరు కిందపెట్టడం కూడా మరిచిపోయి అలాగే కూర్చున్నాను.

ముందురోజు సాయంత్రమే ఆస్పత్రికి వెళ్లి చూసి వచ్చాను. ఆయన నాతో ఏదో అన్నాడు కూడా. ఆ సంగతి చివర చెబుతాను. ఇప్పుడే చెబితే మీకు అర్థం కాదు, నాకూ చెప్పడం చేతకాదు.

మామ మా అమ్మకు తమ్ముడు. షోలాపూర్ దాజీ పేటలో బతుకంతా పవర్‌లూం మీద టవళ్లు నేశాడు. తెల్లటోపీ, తెల్ల లాల్చీ, జేబులో అడకత్తెర. టోపీ లేకుండా ఆయనను చూసినవాళ్లు తక్కువ. నా చిన్నప్పుడు మా అమ్మకూ అదే కార్ఖానాలో పని. బడి లేని రోజు నన్నూ వెంట తీసుకుపోయేది. మొదటిసారి ఆ మగ్గాలన్నీ ఒక్కసారిగా నడిచినప్పుడు నేను జడుసుకొని ఏడ్చానట. మామ వచ్చి తన రెండు అరచేతులతో నా చెవులు మూసి, నేను తేరుకునేదాకా అలాగే నిలబడ్డాడట. మా అమ్మ చెబితే విన్నదే గాని, ఆ చేతుల నూనె వాసన మాత్రం నాకు నిజంగానే జ్ఞాపకం. నేను పెట్టుకున్న మొదటి హెడ్‌ఫోన్లు అవే. తర్వాత ఎంత ఖరీదువి కొన్నా అంత హాయి దేనిలోనూ దొరకలేదు.

ఆయనకు నడుస్తూ మాట్లాడడం రాదు. రోడ్డు మీద ఒక మాట చెప్పాలంటే ఆగాలి. మన ముందుకు వచ్చి నిలబడాలి. మొహంలో మొహం పెట్టి అప్పుడు చెప్పాలి. కూరగాయల సంచీతో, మిట్టమధ్యాహ్నం, షోలాపూర్ ఎండలో నన్ను ఎన్నిసార్లు అలా నిలబెట్టాడో!

“నడుసుకుంట చెప్పు మామా, మాడు పగులుతున్నది.”

“ముచ్చటంటె ముచ్చట, నడకంటె నడక. రెండు కలిపితె రెండు ఖరాబ్.”

ఫోను ఆయనకు శత్రువు. మోగితే ఎత్తుతాడు. “ఆఁ. ఉన్నవా? ఇంటికి రా.” అంతే, పెట్టేస్తాడు. ఎందుకంత తొందర అంటే, “మొకం లేని మాట ఏం మాట” అనేవాడు. అవతలివాళ్లకు కోపాలు వచ్చేవి. వస్తే రానీ అనేవాడు. ఈ అలవాట్లన్నీ ఆయన చాదస్తమనే అనుకున్నాం మేము. వాటి వెనక ఇంకేదో ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక మా గుంపు సంగతి చెప్పాలి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారన్నట్టు, ఈ పేటలో నాకు పట్టిన పిచ్చి హెడ్‌ఫోన్లు. బ్యాంకులో పని చేస్తాను, ఉన్నది ఒక్క ప్రాణాన్ని, నా ఇష్టం. మా తమ్ముడు పాత రేడియోల వాల్వులు ఏరి తెచ్చి ఆంప్లిఫయర్లు కడతాడు. ఇంకొకాయన మందుల దుకాణం నడుపుతాడు. నాలుగో మనిషి కాలేజీలో లెక్చరర్, మరాఠీ ఆయన. మేము ఏది కొన్నా దాన్ని తలదన్నేది మరుసటి నెల పట్టుకొస్తాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు గదా, మా గుంపులో ఆ తల తన్నేవాడు ఆయనే.

మేము కలిసేది కార్ఖానాలకు సుట్టీ ఉన్న రోజునే. మా ఇల్లు భవాని పేటలో. కింద ఒకప్పుడు మా మగ్గాలే ఉండేవి, తుక్కు ఇనుము కింద భంగారుకు పోయాయి. అటుపక్కా ఇటుపక్కా మాత్రం ఇంకా నడుస్తున్నాయి. అవి నడుస్తుంటే లక్ష రూపాయల హెడ్‌ఫోనూ ఒకటే, బస్టాండు దగ్గర కొన్నదీ ఒకటే. సుట్టీ రోజు పేట మొత్తం నోరు మూసుకుంటుంది. అప్పుడు మేము తలుపులు బిగించుకొని, ఒకే పాటను ఒక్కో హెడ్‌ఫోన్‌లో, ఒక్కో ఆంప్లిఫయర్ మీద, ఆవాజ్ ఒక్క తీరుగా కుదుర్చుకొని వింటాం. వెనక జల్లెడలాంటి జాలీ ఉండే రకం, వెనక మూసి ఉండే రకం, వాల్వులది, వాల్వులు లేనిది. విన్నాక పోట్లాడుకుంటాం. వినేటప్పుడు గదిలో ఎవరూ గొంతు ఎత్తకూడదన్నది నేను పెట్టిన చట్టం. మందుల దుకాణం ఆయన తుమ్మినా ఊరుకోను.

అలాంటి ఒకరోజు మామ డబ్బాలో పల్లీల చట్నీ, గుడ్డలో కడక్ భాకరీలు, గట్టి జొన్నరొట్టెలు, పట్టుకొని మెట్లెక్కి వచ్చాడు. నలుగురం కళ్లు మూసుకొని కూర్చున్నాం.

“ఏందే ఇది? జపం జేస్తున్రా?”

“పాటలు ఇంటున్నం మామా.”

“పాటలింటె నవ్వాలె, తలకాయ ఊపాలె. మీరేంది, దవాఖానల నంబరు కోసం కూసున్నట్టు కూసున్రు?”

లెక్చరర్‌కు తెలుగు రాదు గాని ఆ మాట తీరుకే నవ్వాడు. నేను నవ్వలేదు. చట్నీ చేతులతో ఆయన ఎక్కడ నా హెడ్‌ఫోన్ ముట్టుకుంటాడోనని నా ప్రాణం గిలగిల్లాడుతోంది. అనుకున్నంతా అయింది. సబ్బుతో చేతులు కడిగించి, టోపీ తీయమన్నాను. టోపీ ఉంటే చెవి చుట్టూ సరిగా అతకదు, అడుగు ఆవాజ్, అదే బేస్, పోతుంది. ఆయన తీయనన్నాడు. నీ పెండ్లిలో కూడా తీయలేదన్నాడు. నా పెండ్లే కాలేదు మామా అంటే, అయినా తీయకపోదును అన్నాడు. చివరికి టోపీ మీదనే తగిలించుకొని, రెండు చెవుల మెత్తలనూ వేలితో నలిపి, “ఈ గుడ్డ మంచిగున్నదే, మన టవళ్ల కంటె మెత్తగున్నది” అని తీర్పు చెప్పాడు.

అలా వచ్చిన మనిషి రావడం మానలేదు. మా పోట్లాటలు ఆయనకు సినిమా కంటే సరదా. ఒకసారి వైరు మారిస్తే ఆవాజ్ మారుతుందని లెక్చరర్, మారదని తమ్ముడు, గంటసేపు జుట్లు పట్టుకున్నంత పని చేశారు. నాకైతే తేడా వినబడింది, వినబడిందని గట్టిగానే చెప్పాను. మామ వక్క కత్తిరించుకుంటూ అన్నాడు: “చెవులు ఊకె కూసోవు బిడ్డా. ఇనబడకపోతె సొంతంగ కల్పించుకుంటయి.”

ఆ మాటకు అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. ఆ మాట తిరిగి ఎవరికి తగులుతుందో అప్పుడు ఎవరికి తెలుసు!

ఆ సాయంత్రమే, అందరూ లేచాక, ఆయన లెక్చరర్ హెడ్‌ఫోన్ చేతిలోకి తీసుకొని హిందీలో అడిగాడు, దీంట్లో బాగా సన్నటి ఆవాజ్ కూడా వినబడుతుందా అని. లెక్చరర్ గర్వంగా, పాడేవాళ్లు ఊపిరి తీసుకునేది కూడా వినబడుతుందన్నాడు. మామ “ఊపిరి గూడనా” అని, దిగి వెళ్లిపోయాడు. మళ్లీ సుట్టీ రోజు వచ్చినప్పుడు చేతిరుమాలులో చుట్టి ఒక క్యాసెట్ తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన తల అంత నెరిసిందని నేను చూడడం అదే మొదలు.

ఆ క్యాసెట్‌లో ఉన్నది కార్ఖానా. మగ్గాల మోత తప్ప ఏమీ లేదు. చాలాసేపు అదే. నడుమ ఒకచోట ఒక మగవాడు నవ్వుతాడు. దగ్గరగా, గట్టిగా, పొట్టిగా ఒక్క నవ్వు. మళ్లీ మోత. ఆ నవ్వు వయసులో ఉన్న మా మామది.

ఆయన చెప్పింది ఇది. పెండ్లయిన కొత్తలో టేప్‌రికార్డరు కొన్నాడు. రికార్డు అవుతుందో లేదో చూద్దామని కార్ఖానాకు తెచ్చి, మగ్గం పక్కన పెట్టి మీట నొక్కాడు. ఆ పొద్దున ఇంట్లో గొడవైంది. మామ పెండ్లాం, మా అత్త, పుట్టింటికి పోయి వస్తానంది. పండుగ కాదు పబ్బం కాదు, ఎందుకని ఆమె అత్తగారు, మా అమ్మమ్మ, సాగదీసింది. మామ అందరి ముందూ పెండ్లాన్ని, “పో. పోతె మల్ల రాకు” అన్నాడు. అత్త ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం ఎప్పటిలాగే భాకరి కట్టుకొని కార్ఖానాకు వచ్చింది. మగ్గానికి అవతల నిలబడి ఏదో అంది. మామ నవ్వాడు.

“ఆమె ఏదో అన్నది. నేను నవ్విన. ఏమన్నదో యాదికి లేదు బిడ్డా.”

ఆ తర్వాత ఎన్నో రోజులు గడవలేదు. అత్తకు జ్వరం వచ్చింది, తగ్గలేదు. ఆమె పుట్టింటికి పోనూలేదు. ఆయన మళ్లీ పెండ్లి చేసుకోలేదు. ఇంట్లోవాళ్లు చెప్పి చెప్పి విసిగిపోయారు.

“కార్ఖానల ఎందుకు అన్నది? ఇంట్ల అనొచ్చు గద” అన్నాడు తమ్ముడు.

“ఇంట్లనా? ఒక్క అర్ర, తొమ్మిదిమంది. మొగుడుపెండ్లాం ముచ్చట పెట్టుకోవాల్నంటె కార్ఖానే. ఆడైతె ఎవ్వనికి ఇనబడది.”

మేమంతా తలలు ఊపాం. అదేమీ కొత్త సంగతి కాదు మాకు. మా అమ్మానాన్నలు కూడా అలాగే సంసారం చేశారు. అప్పుడే ఎవరికైనా తట్టి ఉండవలసింది. తట్టలేదు.

ఆయనకు కావలసింది ఆ మాట. కోపం మీద అన్నదా, మన్నించి అన్నదా? ఏడ్చుకుంటూ ఏదో చెప్పుకుంటే తాను నవ్వాడా? ఇన్నేళ్లూ ఇదే ఆయనను తిన్నది. మగ్గాల కింద ఎక్కడో ఆమె గొంతు ఉండి తీరాలి, మామూలు టేప్‌రికార్డరులో రాలేదు గాని ఊపిరి కూడా వినిపించే ఈ యంత్రాలలో రాకపోతుందా అన్నది ఆయన ఆశ. మాకు కూడా ఆశ పుట్టింది. పాటలు మూలకు పోయాయి. ప్రతి సుట్టీ రోజూ ఆ క్యాసెట్టే మా పాట.

తమ్ముడు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఉన్న హెడ్‌ఫోన్లన్నీ, ఉన్న ఆంప్లిఫయర్లన్నీ ఒక్కొక్కటే దాని మీద పెట్టి చూశాం. ఆమె గొంతు దొరకలేదు. దానికి బదులు ఒక పాడు సంగతి దొరికింది. తమ్ముడి వాల్వుల ఆంప్లిఫయర్ మీద వింటే మామ నవ్వు మెత్తగా, మురిపెంగా ఉంది. మందుల దుకాణం ఆయన తెచ్చినదాని మీద అదే నవ్వు ఎకసెక్కంగా ఉంది. వెనక జాలీ ఉన్నదాంట్లో దూరంగా, ఎవరినో చూసి నవ్వినట్టుంది. మూసి ఉన్నదాంట్లో అయితే చెంప మీద కొట్టినట్టుంది.

మామ అవన్నీ విని, నా వైపు తిరిగి, మొహంలో మొహం పెట్టి అడిగాడు. “వీటిల్ల అబద్ధం చెప్పంది ఏది బిడ్డా?”

ఏళ్ల తరబడి నేను వాదించుకుంటూ వచ్చిన ప్రశ్న అదే. ఉన్నది ఉన్నట్టు చెప్పేది ఏది, తీపి పూసి చెప్పేది ఏది అని గొంతు చించుకున్నాను. లెక్చరర్ తెచ్చిన అన్నిటికన్నా ఖరీదైనది చూపించి, ఇదే అన్నాను. ఆయన దానిలో మళ్లీ విన్నాడు. “దీంట్ల వట్టి నవ్వే ఉన్నది” అన్నాడు. “మంచిది గాదు, చెడ్డది గాదు. వట్టిగనే.”

తమ్ముడు వదల్లేదు. కంప్యూటర్‌లో ఏదో చేసి మగ్గాల మోతంతా తీసేశాడు. మిగిలిన దానిలోనన్నా ఆమె గొంతు ఉంటుందని. మేము ఊపిరి బిగబట్టి విన్నాం. చాలాసేపు ఏమీ లేదు. నీళ్ల అడుగున ఉన్నట్టు ఒక నిశ్శబ్దం. అందులో హఠాత్తుగా ఒక మనిషి నవ్వాడు. మళ్లీ నిశ్శబ్దం.

“మగ్గాలు మల్ల పెట్టురా” అన్నాడు మామ. “మగ్గాలు లేకపోతె పిచ్చోనిలెక్క ఉన్న.”

అదయ్యాక ఆయన కొంచెం చిక్కాడు. కడక్ భాకరి విరుస్తాడు గాని తినడు. ఇక చాలించమని తమ్ముడితో అన్నాను. వాడు, ఇంకొక్కటి చూద్దామక్కా, లెక్చరర్ సార్ కొత్తది తెస్తున్నాడు, బయటి సప్పుడు ఒక్క చుక్క లోపలికి రానీయదట అన్నాడు. సరే, ఆ ఒక్కటీ అనుకున్నాం.

తెచ్చాడు. చెవుల్ని పూర్తిగా కప్పేసే రకం. మామకు పెట్టాం. కార్ఖానా మొదలైంది. ఆవాజ్ బాగా పెంచి పెట్టుకున్నాడు. నా చట్టం ప్రకారం గదిలో ఎవరమూ నోరు ఎత్తలేదు. ఎదురుగా కూర్చున్న నేను చాయ్ పెట్టడానికి లేస్తూ, అలవాటుగా, పెదవులు మాత్రం కదిపి అడిగాను. మామా, చాయ్ తాగుతవా?

“శక్కర తక్కువెయ్యి!” అని అరిచాడు మామ. చెవుల్లో మగ్గాలు మోగుతున్నాయి గదా, అరుపే వచ్చింది. అందరం నవ్వాం.

లెక్చరర్ ఒక్కడే నవ్వలేదు. “యాంనా కసం కళలం?” అన్నాడు. ఈయనకెలా తెలిసింది, నువ్వు మాట్లాడనే లేదు గదా అని.

నేను గొప్పగా చెప్పడం మొదలుపెట్టాను. మేము మగ్గాల మనుషులం, సార్. మోత మీద అరిస్తే గొంతు పోవడమే గాని మాట పోదు. అందుకని కార్ఖానాలో ఎవరూ గొంతు తీయరు. మా అమ్మ ఈ గోడ నుంచి ఆ గోడ దగ్గర ఉన్న మనిషిని తిట్టేది, మూతి కదపడమే. అవతలి మనిషి మూతి చూసి చదువుకోవడమే. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. కార్ఖానాలో పెదవి దాటిన మాట ఎదుటి మనిషి కళ్ల దాకానే పోతుంది. పక్క మగ్గం మీద మామగారున్నా...

అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. నా మాట నాకే తగిలింది.

మామ హెడ్‌ఫోన్ మెడ మీదికి దింపుకొని నన్నే చూస్తున్నాడు.

“మల్ల అను” అన్నాడు.

“ఏంది మామా?”

“చాయ్ ముచ్చట. ఆవాజ్ లేకుండ అన్నవు గద. అట్లనే అను.”

నాకు అనబుద్ధి కాలేదు. ఆయన హెడ్‌ఫోన్ మళ్లీ చెవులకు పెట్టుకొని, మోత పెంచుకొని, నా మూతి వైపు చూస్తూ కూర్చున్నాడు. అన్నాను. మామా, చాయ్ తాగుతవా?

ఆయన హెడ్‌ఫోన్ తీసి మెల్లగా కిందపెట్టాడు. “ఇనబడ్డది బిడ్డా. చెవిల మగ్గాలున్నయి. అయినా నీ ఆవాజ్ నాకు సాఫ్ ఇనబడ్డది.”

క్యాసెట్ వైపు చూశాడు.

“ఆనాడు గూడ గిట్లనేనా?” అన్నాడు. “ఆమె ఆవాజ్ ఇన్న అనుకున్న. ఇనలేదా నేను?”

క్యాసెట్‌లో ఆమె గొంతు లేదు. ఎప్పుడూ లేదు. ఆమె పెదవులతో అంది, ఆయన కళ్లతో విన్నాడు. మగ్గం మీద పుట్టి పెరిగిన మామకూ తమ్ముడికీ నాకూ తెలిసిన సంగతే అది. అయినా వారాల తరబడి ఆ గొంతును వెతికాం. ఎందుకంటే మా జ్ఞాపకంలో కార్ఖానా నిండా మాటలే. మా అమ్మ అక్కడ తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినబడతాయి. చెవులు ఊరికే కూర్చోవని ఆయన ఎప్పుడో చెప్పాడు.

మామ టోపీ పెట్టుకొని లేచాడు. చాయ్ తాగలేదు. క్యాసెట్ కూడా మరిచిపోయాడు.

కొన్నాళ్లు రాలేదు. నేనే క్యాసెట్ పట్టుకొని దాజీ పేటకు పోయాను. తమ్ముడు ఎప్పుడో కంప్యూటర్ నుంచి చిన్న ప్లేయర్‌లోకి ఎక్కించి ఇచ్చాడట, నా పాత హెడ్‌ఫోన్ ఒకటి ఆయన దగ్గరే ఉంది. మంచం మీద కూర్చొని వింటున్నాడు.

“అండ్ల లేదని తెలిసె గద మామా. ఇంక ఎందుకు?”

“మాట లేదు. జాగా ఉన్నది గద” అన్నాడు. “నవ్వుకు ముందు జాగా. ఆమె నా దిక్కు సూస్తున్న జాగా అది.”

గోడ మీద వాళ్ల పెండ్లి ఫొటో ఉంది. అత్త చిన్నపిల్లలా ఉంది, నోరు గట్టిగా మూసుకొని. ఫొటోవాడే మూసుకోమన్నాడట. ఆ ఒక్క ఫొటో తప్ప ఇంకోటి లేదు. మామ దాన్ని గోడ మీద నుంచి దించి, టోపీతో తుడిచి, నా చేతికిచ్చాడు.

“కండ్లు మూసుకుంటె మొకం వస్తది. మూతి వస్తలేదు. ఇగో ఈ మూసిన మూతే వస్తున్నది. నువ్వు సదువుతవు గద బిడ్డా, దీంట్ల ఏమన్న కనబడుతదేమో సూడు.”

చూశాను. నిజంగానే చూశాను, ఆయన అడిగాడని. ఏమీ లేదన్నాను. ఫొటో తిరిగి చేతికిస్తూ, నవ్వినవంటె మంచి మాటే అని ఉంటది మామా అన్నాను.

“మంచి మాటకే నవ్వాల్నని ఉన్నదా? నాకు నవ్వు వట్టిగనే వస్తది. మా నాయిన కొట్టబోయినా వచ్చేది.”

ఆ తర్వాత ఆయనకు నచ్చజెప్పే ప్రయత్నం నేను మళ్లీ చేయలేదు. కొన్ని బాధలకు మందు మన దగ్గర ఉండదు. పక్కన కూర్చోవడమే. మళ్లీ మా మేడ మీదికి రమ్మన్నాను, వచ్చాడు. చట్నీ తెచ్చాడు, మా వైర్ల పోట్లాటలు విన్నాడు, లెక్చరర్‌ను తెలుగులో ఆటపట్టించాడు. చివర అందరూ లేచే ముందు, ఆయన అడగకుండానే తమ్ముడు క్యాసెట్ పెట్టేవాడు. మామ టోపీ తీసి, హెడ్‌ఫోన్‌ను రెండు చేతులా పట్టుకొని, కళ్లు మూసుకొని వినేవాడు. నవ్వు వచ్చే ముందు, సరిగ్గా దానికి ముందు, తీసేసేవాడు. ఆ నవ్వు మాత్రం మళ్లీ వినలేదు. ఏ హెడ్‌ఫోన్ మంచిది, ఏది చెడ్డది అని కూడా మళ్లీ అడగలేదు.

నాకు ఆయన ఇచ్చిపోయింది ఏమిటని అడిగితే ఒకటే చెబుతాను. మనిషి మాట్లాడుతుంటే చేతిలో పని ఆపి మొహం చూడడం. బ్యాంకులో కౌంటరు ముందు ఎవరు నిలబడినా ఇప్పుడు నేను తల ఎత్తి చూస్తాను. వెనక వరస పెరిగిపోతుంది, మేనేజరు గొణుగుతాడు. ముచ్చటంటె ముచ్చటే, రెండు కలిపితే రెండూ ఖరాబ్.

చలి మొదలయ్యేసరికి మామకు ఆయాసం ఎక్కువైంది. ఆస్పత్రిలో చేర్చాం. ముక్కూ నోరూ కప్పి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. పక్కన యంత్రం బుస్సు బుస్సుమని మోత. నేను పోయేసరికి కళ్లు మూసుకొని ఉన్నాడు. ఆయన నేర్పినట్టే ఎదురుగా, మొహానికి మొహం పెట్టి కూర్చున్నాను. కాసేపటికి కళ్లు తెరిచాడు. టోపీ కోసం తడుముకున్నాడు. నెత్తిన పెట్టాను.

అప్పుడు ఏదో అన్నాడు.

యంత్రం మోతలో గొంతు వినబడలేదు. వినబడకపోతే ఏం, మూతి చూస్తే సరిపోతుంది నాకు. మాస్కు ప్లాస్టిక్‌దే, లోపల పెదవులు కనిపిస్తాయి. కాని మాట అన్నప్పుడల్లా ఆయన ఊపిరికి మాస్కంతా ఆవిరి కమ్ముతోంది. ఊపిరి లోపలికి తీసినప్పుడు తేటబడుతోంది, అప్పటికి పెదవులు ఆగిపోతున్నాయి.

“మల్ల అను మామా” అన్నాను.

మళ్లీ అన్నాడు. ఆవిరి కమ్మింది. తేటబడింది. పెదవులు ఆగి ఉన్నాయి. మాస్కు కొంచెం జరుపుతానంటే నర్సు కసిరింది. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు, జవాబు కోసం. కళ్లు చిన్నవయ్యాయి. నవ్వుతున్నాడా, ఆయాసమా? మంచినీళ్లు అడిగాడా? ఇంటికి తీసుకుపొమ్మన్నాడా? అత్త అన్న మాట యాదికి వచ్చిందని చెప్పాడా? అంతసేపు చూస్తున్న మనిషికి ఏదో ఒకటి ఇవ్వాలి గదా. నవ్వాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

పొద్దున తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పక్క కార్ఖానాలో మగ్గాలు మొదలయ్యాయి. వాడు లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నిన్న నీతోటి ఏదో అన్నడట గద అక్కా, నర్సు చెప్పింది, ఏమన్నడు అని అడిగాడు.

పెదవులతోనే చెప్పాను.

ఏదో అన్నడు. నేను నవ్విన.